గడియారము, గిజిగాని గూడు, పాముకోర
సృష్టిలోని ఉద్దేశమును గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: యోబు 38, 39 అధ్యాయములు, 104వ కీర్తన, లూకా 13:1–5, యోహాను 9:1–7, రోమా 1:18–23, 8:18–25.



గడచిన వర్షాకాలములో ఒక పల్లెసంఘపు రాత్రి కూటమునందు మేము 104వ కీర్తనను గూర్చి మాటలాడితిమి. గుడి వెనుకనున్న బావిమీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండెను. వాటిని చూపి, బడికి పోని పిట్టకు ఇంత నేర్పు ఇచ్చినవాడు దేవుడు గాక మరి యెవరని అడిగితిమి. అందరును తల లూపిరి. కూటము ముగియగానే ఇద్దరు మాయొద్దకు వచ్చిరి.

మొదటివాడు పట్నములో డిగ్రీ చదువుచున్న పడుచువాడు. “అయ్యగారూ, గూటికి ఉద్దేశమున్నది గనుక దేవుడున్నాడంటిరి. మా పుస్తకములో ఆ నేర్పు తరతరములుగా మెల్లమెల్లగా ఏర్పడినదని ఉన్నది. పరీక్షలో ఒకటి వ్రాసి, గుడిలో ఇంకొకటి నమ్మమంటారా?” అని అడిగెను. సంఘపెద్ద యొకరు, “కాలేజీకి పంపినది ఇందుకేనా?” అని అతని గద్దించిరి.

రెండవ ఆమె ఒక తల్లి. అందరు పోవువరకు స్తంభము ప్రక్కన నిలిచి, “పిట్టగూటికి దేవుడు ఉద్దేశం పెట్టాడన్నారు గదా అయ్యగారూ. మరి నిరుడు మా పిల్లను కరిచిన పాముకు ఏ ఉద్దేశం పెట్టాడండీ?” అని అడిగెను.

ఆ రాత్రి ఇద్దరికిని మేము తగిన జవాబు చెప్పలేకపోతిమి. ఈ నెల పాఠము ఆ యిద్దరికి మేము పడిన బాకీ. ఇటువంటి ప్రశ్నలు మన సంఘములలో చాలమంది మనస్సులలో ఉన్నవి గాని పైకి అడుగువారు కొద్దిమందియే. కావున అందరము కలిసి ఆలోచింతము.

1. ఉద్దేశమనగా నేమి?

క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీసు దేశములో అరిస్టాటిల్ అను తత్వజ్ఞాని యుండెను. ఏ వస్తువునైనను బాగుగా ఎరుగవలెనన్న నాలుగు ప్రశ్నలు అడుగవలెనని అతడు బోధించెను. మన యెడ్లబండి చక్రమునే తీసికొందము. అది దేనితో చేయబడెను? తుమ్మకఱ్ఱతోను ఇనుపకట్టుతోను. దాని రూపమేమి? కుండ, ఆకులు, చుట్టు పరిధి. దానిని చేసినదెవరు? వడ్రంగియు కమ్మరియు. అది ఎందుకొరకు? బండి దొరలుటకొరకు. ఈ కడపటి ప్రశ్నయే ఉద్దేశమును గూర్చినది. చక్రమునందు మాత్రమే గాక, గింజయందును, గుడ్డునందును, పక్షి రెక్కయందును ఈ “ఎందుకొరకు” అను ప్రశ్నకు చోటున్నదని అతని మతము.

పదుమూడవ శతాబ్దమందలి థామస్ అక్వినాస్ అను క్రైస్తవ పండితుడు దేవుడున్నాడనుటకు చెప్పిన అయిదు మార్గములలో అయిదవది దీనిమీదనే కట్టబడినది. బాణమునకు తెలివి లేదు. అయినను గురిని తాకుచున్నది. ఏలయనగా విలుకాడు దానిని ఎక్కుపెట్టెను. ఆలాగుననే తెలివిలేని వస్తువులు క్రమము తప్పక ఒక గురివైపు సాగుచున్నవి గనుక, వాటిని నడిపించు జ్ఞానవంతుడు ఒకడున్నాడని అతడు చెప్పెను.

“ఎందుకొరకు” అని అడుగుట పామరుల పని యని కొందరందురు. అది సరికాదు. ఇంగ్లండు వైద్యుడైన విలియం హార్వీ 1628లో రక్తము శరీరమంతట తిరుగుచున్నదని ప్రచురించెను. ఆ తలంపు నీకెట్లు పుట్టెనని ఆయన ముసలితనమున రాబర్టు బాయిల్ అను శాస్త్రజ్ఞుడు అడిగెను. రక్తనాళములలో చిన్న చిన్న తలుపులున్నవి. అవి గుండెవైపునకు మాత్రమే రక్తమును పోనిచ్చుచున్నవి. ఇవి ఊరకనే ఉండవు గదా, ఎందుకొరకు ఉన్నవని ఆలోచించుటవలననే తనకు దారి దొరకెనని హార్వీ చెప్పినట్లు బాయిల్ వ్రాసి యుంచెను. మీరును దీనిని చూడవచ్చును. మోచేతిపైన గుడ్డ కట్టి, ముంజేతి నాళము ఉబ్బిన తరువాత, దానిని ఒక వ్రేలితో నొక్కి పట్టి, వేరొక వ్రేలితో రక్తమును గుండెవైపునకు త్రోయుడి. పైకి పోయిన రక్తము మరల క్రిందికి జారి రాదు. చూచిన వెంటనే కట్టు విప్పివేయుడి. చాళ్లలో నీరు వెనుకకు రాకుండ మడవ కట్టు రైతునకు ఇది వేరుగా బోధింపనక్కరలేదు.

2. పేలీగారి గడియారము

ఈ వాదమును అందరికి తెలియునట్లు చెప్పినవారు ఇంగ్లండు సంఘములో ఆర్చిడీకనుగా నుండిన విలియం పేలీగారు. ఆయన 1743లో పుట్టి 1805లో చనిపోయెను. శరీరము బలహీనమై సంఘపరిచర్య సరిగా చేయలేని దినములలో ఆయన కలము పట్టి, 1802లో ప్రకృతినిబట్టి దేవుని తెలిసికొనుటను గూర్చిన గ్రంథమును ప్రచురించెను.

ఆయన చెప్పిన ఉపమానమిది. బీడులో నడచుచుండగా కాలికి రాయి తగిలెననుకొనుడి. అది ఎప్పటినుండియో అక్కడనే ఉన్నదని చెప్పి సాగిపోవచ్చును. గడియారము దొరకినయెడల ఆలాగు చెప్పలేము. పండ్లచక్రములు, చుట్టస్ప్రింగు, ముళ్లు, అద్దము, ఇవన్నియు గంటలు చూపుటకొరకే ఒకదానికొకటి అమర్చబడినవి. ఆ గడియారము అప్పుడప్పుడు తప్పు గంట చూపినను, దానిని చేయుట మనమెన్నడును చూడకపోయినను, చేసినవాడొకడున్నాడని ఒప్పుకొందుము. అటువలెనే కన్ను చూచుటకొరకు అమర్చబడినది. దుర్భిణిని చేసినవాడుండగా కన్నును చేసినవాడుండడా అని పేలీగారు అడిగిరి.

మన పల్లెలలో వినిపించు గడియారపు ప్రసంగములకు మూలమిదియే. మేము ఆ రాత్రి చెప్పిన గిజిగాని గూడును ఈ గడియారమునకు తమ్ముడే.

3. ఆ వాదమునకు వచ్చిన ఆక్షేపణలు

మన పిల్లలు వీటిని కళాశాలలో ఎటులను విందురు. పరాయివారినుండి వినుటకంటె సంఘములోనే వినుట మేలు.

పేలీగారి గ్రంథమునకు ముందే, 1779లో, డేవిడ్ హ్యూమ్ అను స్కాట్లండు తత్వజ్ఞాని వ్రాసిన సంభాషణ గ్రంథము వెలువడెను. అప్పటికి అతడు చనిపోయి మూడేండ్లయ్యెను. లోకము గడియారమువంటిదని ఎందుకనవలెను, చెట్టువంటిదనియు అనవచ్చును గదా, చెట్టు లోపలినుండి తనంతట పెరుగునుగదా అని అందులో ఒక ప్రశ్న. లోకములో ఇన్ని లోపములుండగా, దీనినిబట్టి పరిపూర్ణుడైన ఒకే దేవుని ఎట్లు రుజువు పరతురని మరియొక ప్రశ్న. 1781లో జర్మనీ దేశపు కాంట్ అను పండితుడు ఈ వాదమును గౌరవించుచునే, ఇది గట్టిగా నిలిచినను ఉన్న సామగ్రితో ఇల్లు కట్టిన మేస్త్రీని చూపగలదు గాని శూన్యమునుండి సృజించిన సృష్టికర్తను చూపలేదని చెప్పెను.

తరువాత చార్లెస్ డార్విన్ వచ్చెను. అతడు పేలీగారు చదివిన కేంబ్రిడ్జి కళాశాలలోనే, పాదిరి కావలెనని తండ్రి కోరగా, చదివినవాడు. పేలీగారి గ్రంథములను ఇష్టముతో చదివినవాడు. 1859లో అతడు జీవజాతుల పుట్టుకను గూర్చిన గ్రంథమును ప్రచురించెను. అతని మాట రైతులకు కష్టమైనది కాదు. మీరు పంటలో మంచి వెన్నులను ఏరి విత్తనమునకు దాచెదరు. కొన్నేండ్లకు మీ విత్తనమే మారును. పిల్లలందరు తల్లిదండ్రులకు అచ్చుగుద్దినట్లుండరు, చిన్న చిన్న భేదములతో పుట్టుదురు. ఏరు చేయి లేకపోయినను, కరవు, చలి, శత్రువులు, మేత కొరత అనునవి ఏరినట్లే పనిచేయును. బ్రతుకుటకు అనుకూలమైన భేదము గలవి నిలిచి, తమవంటి పిల్లలను కనును. లెక్కలేనన్ని తరములు గడువగా, ఒక్కసారిగా చేసినట్లు కనబడు కన్నును, రెక్కయు, గూడుకట్టు నేర్పును ఈ విధముగా ఏర్పడగలవని అతడు చూపెను.

ఇందులో మనము నిజాయితీగా ఒప్పుకొనవలసినది ఒకటున్నది. జీవులు మార్పు చెందుచు వచ్చినవనుటకు నూటయరువది యేండ్లకు పైగా సాక్ష్యములు కూడుచునే యున్నవి. కన్ను గడియారమువలె ఒక్కమారు అమర్చబడినది గనుక దేవుడున్నాడని పేలీగారు చెప్పిన రీతిగా ఇప్పుడు చెప్పుటకు వీలులేదు. తెలియని చోటునంతటిని దేవునికి ఇంటిస్థలముగా చూపినయెడల, ఆ చోటు తెలిసిన దినమున ఆయనను ఇల్లు ఖాళీ చేయమన్నట్లగును.

అయితే పడుచువారు రెండవ సంగతిని కూడ చూడవలెను. “ఎట్లు” అను ప్రశ్నకు జవాబు దొరకినంతమాత్రమున “ఎందుకొరకు” అను ప్రశ్న చచ్చిపోదు. అన్నము నిప్పుమీద నీళ్లు మరగుటవలన ఉడికెననుట నిజము. పొలమునుండి వచ్చు బిడ్డలకొరకు తల్లి వండెననుటయు నిజము. మొదటిది తెలిసినవాడు రెండవదానిని కొట్టివేయలేడు, రెండవది తెలిసినవాడు మొదటిదానిని నేర్చుకొననక్కరలేదనలేడు. డార్విన్‌కు మిత్రుడై, అమెరికాలో అతని సిద్ధాంతమును సమర్థించినవారిలో ముఖ్యుడైన ఆసా గ్రే, హార్వర్డు విశ్వవిద్యాలయములో వృక్షశాస్త్రము బోధించిన భక్తిగల క్రైస్తవుడు. దేవుడు తన ఉద్దేశమును ఈ మెల్లని మార్గమునను నెరవేర్చగలడని అతడు నమ్మెను. మార్కు 4వ అధ్యాయములో ప్రభువు చెప్పిన రైతు విత్తనము చల్లి నిద్రించి లేచుచుండెను. అది ఎట్లు మొలచెనో అతనికి తెలియలేదు. ఇప్పుడు మనకు కొంత తెలియును. తెలిసినందున ఆ పైరు దేవునిది కాకపోయెనా?

కావున ఆ పడుచువానికి మా జవాబిది: బాబూ, పరీక్షలో ఒకటి, గుడిలో ఒకటి వద్దు. నీవు చదివినది శ్రద్ధగా చదువుము, నిజమైనదానిని నిజమని వ్రాయుము. సత్యమునకు భయపడు దేవుడు మన దేవుడు కాడు. అయితే, “ఉద్దేశమేదియు లేనే లేదు” అని ఎవరైన చెప్పినయెడల, అది శాస్త్రమువలన కొలిచి చెప్పిన మాట కాదనియు, ఆ చెప్పువాని తత్వమనియు గుర్తెరుగుము.

4. మేడిపండు నేర్పు పాఠము

మన దేశములో మేడిపండును మోసమునకు గుర్తుగా చెప్పుట వాడుక. పైకి నిగనిగ, చీల్చి చూడగా పురుగులు. ఇది సృష్టిలోని లోపమని ఎవరైన అనుకొందురు. నిజమేమనగా, మేడిచెట్టు పువ్వులు కాయలోపలనే ఉన్నవి. బయటి తుమ్మెద వాటిని చేరలేదు. కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగ జాతి ఆడపురుగు కాయ చివరనున్న సన్నని సందున దూరి పోవును. దూరునప్పుడు దాని రెక్కలు తరచుగా ఊడిపోవును. అది తాను తెచ్చిన పుప్పొడిని పువ్వులకు అంటించి, కొన్ని పువ్వులలో గ్రుడ్లు పెట్టి, అక్కడనే చచ్చును. ఆ గ్రుడ్లనుండి పుట్టిన మగవాటికి రెక్కలు లేవు. అవి దారి తొలిచి ఇచ్చి చచ్చును. ఆడవి పుప్పొడి మోసికొని వేరొక కాయకు ఎగిరిపోవును. ఆ పురుగు లేనిదే మేడికి విత్తనము లేదు. మేడి లేనిదే ఆ పురుగునకు సంతతి లేదు. ఆ పండ్లమీద పక్షులు, గబ్బిలములు, కోతులు బ్రతుకుచున్నవి.

మనము లోపమనుకొన్నది మేడికి ప్రాణము. మన నాలుకకు అడ్డు వచ్చినదెల్ల సృష్టిలో తప్పు కాదు.

మరియొక సంగతి. డార్విన్ 1860లో ఆసా గ్రేకు వ్రాసిన ఉత్తరములో తన మనస్సును బాధించిన పురుగును గూర్చి చెప్పెను. అది బ్రతికియున్న గొంగళిపురుగు దేహములో గ్రుడ్లు పెట్టును. పిల్లలు లోపలినుండి దానిని తినుచు పెరుగును. కనికరముగల దేవుడు దీనిని కోరి చేసెనని తాను నమ్మలేకయున్నానని అతడు వ్రాసెను. అతడు పరిహాసకుడు కాడు. 1851లో తన పదియేండ్ల కుమార్తెను మట్టిలో పెట్టినవాడు. అతని ప్రశ్నను తేలికగా తీసివేయరాదు.

ఆ పురుగునకు చుట్టమైనది ట్రైకోగ్రామా. ఇది ఆవగింజకంటె చిన్నది. వరిలోను చెరకులోను కాండము తొలుచు పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి వాటిని నాశనము చేయును. అందువలన వ్యవసాయశాఖవారు వీటిని అట్టలకు అంటించి, పొలములో కట్టుకొనుటకు రైతులకు చెప్పుచున్నారు. మనకు అది స్నేహితుడు. తొలుచు పురుగును అడిగినయెడల వేరొక మాట చెప్పును. ఇందునుండి మనము నేర్చుకొనవలసినదేమనగా, మనకు లాభమైనదానిని “దేవుని ఏర్పాటు” అనియు, నష్టమైనదానిని “ప్రకృతి” అనియు పేరు పెట్టుట న్యాయము కాదు.

5. పాముకోర ఎదుట

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వత్తము. నాగుపాము కోర లోపల బోలుగా ఉండును. అది ఇంజెక్షను సూదివలె విషమును లోనికి పంపును. అమరికనుబట్టి చూచినయెడల ఆ కోర కన్నుకు తీసిపోదు. కన్నును చూపి దేవుని కరుణను రుజువు పరచువాడు, కోరను చూచినప్పుడు నోరు మూసికొనవలసి వచ్చును. పాము లేనియెడల ఎలుకలు మన గాదెలను ఖాళీ చేయునని చెప్పవచ్చును. అది నిజమే. ఆ మాటను బిడ్డను పోగొట్టుకొన్న తల్లియొద్ద చెప్పుట కఠినత్వము.

పెద్ద విపత్తులును ఈ ప్రశ్ననే అడుగుచున్నవి. 1755 నవంబరు 1న, సర్వపరిశుద్ధుల పండుగనాడు, జనులు దేవాలయములలో నిండియుండగా, పోర్చుగల్ దేశపు లిస్బను పట్టణము భూకంపమువలన కూలెను. తరువాత సముద్రము పొంగెను, అగ్ని రగిలెను. వేలకొలది జనులు చచ్చిరి. లోకములో అంతయు మేలుకే ఉన్నదని వ్రాసిన యూరపు పండితులు ఆ తరువాత అంత ధైర్యముగా వ్రాయలేకపోయిరి. మన తీరమున 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన వచ్చి పదివేలమంది వరకు మరణించిరి. ఆ దినమును చూచిన పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు.

అప్పుడు కొందరు, “ఇది వారి పాపములకు శిక్ష” అనిరి. ప్రభువే ఆ నోటిని మూయించెను. లూకా 13వ అధ్యాయము చూడుడి. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు యెరూషలేములోని తక్కినవారికంటె అపరాధులని తలంచవద్దని ఆయన చెప్పెను. బ్రతికియున్నవారు మారుమనస్సు పొందవలెనని హెచ్చరించెనే గాని, చచ్చినవారిమీద నేరము మోపలేదు. యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగిరి. వీడును కాదు, వీని కన్నవారును కాదని చెప్పి, పగలున్నంతవరకు దేవుని పనులు చేయవలెనని పలికి, బురద కలిపి వాని కన్నులమీద పూసెను. శిష్యులు వెనుకకు తిరిగి కారణము వెదకిరి. ప్రభువు ముందునకు చూచి పనికి పూనుకొనెను.

యోబు గ్రంథము ఇంకను లోతునకు పోవును. బిడ్డలను పోగొట్టుకొన్న యోబునకు దేవుడు సుడిగాలిలోనుండి ప్రత్యుత్తరమిచ్చెను. ఆ ప్రత్యుత్తరములో యోబు బిడ్డలెందుకు చచ్చిరో ఒక్క మాటయు లేదు. మనుష్యులు లేని ఎడారిలో కురియు వర్షమును, ఆకలిగొన్న కాకిపిల్లలను, గ్రుడ్లను ఇసుకలో విడిచిపోవు నిప్పుకోడిని, రక్తము త్రాగు పక్షిరాజు పిల్లలను, నీటిగుఱ్ఱమును, మకరమును దేవుడు చూపెను. వీటిలో మనుష్యుని ప్రయోజనముకొరకు చూపబడినది ఏది? 104వ కీర్తనలోను, సింహపు పిల్లలు తమ ఆహారమును దేవునియొద్ద అడుగుచున్నవి. సృష్టి మన యింటి పెరడు కాదు. మనకు తెలియని ఉద్దేశములు అందులో అనేకములున్నవి. వాటన్నిటిని ఎరిగినవాడు యోబును పనికిరానివానిగా త్రోసివేయక, ఎదుట నిలిచి అతనితో మాటలాడెను. కారణములు చక్కగా చెప్పిన ముగ్గురు స్నేహితులమీద ఆయన కోపపడెను. ఏడ్చి ప్రశ్నించిన యోబే యుక్తముగా పలికెనని తీర్పు చెప్పెను. సంఘపెద్దలు ఈ తీర్పును మరువరాదు.

ఇదిగాక, రోమా 8వ అధ్యాయములో పౌలు సృష్టియంతయు ప్రసవవేదన పడుచు మూలుగుచున్నదని చెప్పుచున్నాడు. ఇప్పుడు మనము చూచునది పని ముగిసిన ఇల్లు కాదు. విమోచనకొరకు కనిపెట్టుచున్న సృష్టి. కోర ఉన్న లోకమే కడవరి లోకమని లేఖనము ఎక్కడను చెప్పలేదు.

6. ఉద్దేశము తేటపడిన స్థలము

సృష్టివలన దేవుని శక్తియు దైవత్వమును తేటపడుచున్నవని రోమా 1:20 బోధించుచున్నది. లుస్త్రలో పౌలు వర్షమును ఫలవంతమైన ఋతువులను దేవుని సాక్షులుగా చూపెను. ఆ సాక్ష్యము నిజమైనది. అయినను ఆ రెండు చోట్లను పౌలు అక్కడితో ఆగలేదు. దేవుని మనస్సు మనయెడల ఎట్టిదో తెలియుటకు సిలువయొద్దకు పోవలెను.

ఆ శుక్రవారమున ప్రకృతిని చూచినవానికి చీకటియు భూకంపమును కనబడెను. శిష్యులకు అందులో ఏ ఉద్దేశమును కనబడలేదు. తరువాత పేతురు అపొస్తలుల కార్యములు 2:23లో రెండు సంగతులు కలిపి చెప్పెను: దేవుని సంకల్పము నెరవేరెను, దుష్టుల చేతులు ఆ పని చేసెను. దేవుని సంకల్పము నెరవేరెను గనుక ఆ దుష్టత్వము మంచిదని అతడు చెప్పలేదు. దేవుడు చావును మెచ్చుకొనలేదు, యేసును లేపి చావును ఓడించెను. కావున “నీ బిడ్డ చావు దేవుని ప్లాను” అని తొందరపడి చెప్పువారు జాగ్రత్తగా ఉండవలెను. లాజరు సమాధియొద్ద ప్రభువు ఆ మాట చెప్పలేదు. ఆయన కన్నీళ్లు విడిచెను. తరువాత రాతిని తీయించెను.

అమ్మా, నీ ప్రశ్నకు మా జవాబిది: ఆ పాము నీ బిడ్డనే ఎందుకు కరచెనో మాకు తెలియదు. తెలియునని చెప్పువాని మాట నమ్మవద్దు. నీ పాపమువలన కాదని ప్రభువు నోటిమాటనుబట్టి ధైర్యముగా చెప్పుచున్నాము. తన కుమారుని మట్టిలో పెట్టబడుట చూచిన దేవుడు నీ దుఃఖమును పైనుండి చూచువాడు మాత్రమే కాడు. ఆయన కడవరి ఉద్దేశము నీ బిడ్డకు చావు కాదు, జీవము.

7. మన చేతులకు పని

యెషయా 28వ అధ్యాయము చివర, దున్నుట, విత్తుట, నూర్చుట అను వ్యవసాయపు వివేకమును రైతునకు నేర్పినవాడు దేవుడేనని వ్రాయబడినది. మనుష్యుని తెలివియు దేవుని ఏర్పాటులోనిదే. 1890లలో ఫ్రాన్సు దేశపు కాల్మెట్ అను వైద్యుడు పాము విషమునకు విరుగుడు తయారుచేసెను. నేడును గుఱ్ఱములకు విషమును కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తమునుండి ఆ మందును తీయుచున్నారు. మన దేశములో దొరకు మందు నాలుగు ముఖ్యమైన విషసర్పముల కాటుకు పనిచేయును. అయినను 2000 నుండి 2019 వరకు భారతదేశములో ఇంచుమించు 12 లక్షలమంది పాముకాటువలన చనిపోయిరని పరిశోధకుల అంచనా. వారిలో ఎక్కువమంది మనవంటి పల్లెవాసులు. మందు లేక కొందరు, మంత్రగానియొద్ద ఆలస్యమై అనేకులు.

తుపానుల సంగతియు అట్టిదే. 1977 తరువాత ముందుగా హెచ్చరించుటయు, జనులను తరలించుటయు, తుపాను ఆశ్రయ భవనములు కట్టుటయు అభివృద్ధి చెందెను. 1990 మే నెలలో మరల భయంకరమైన తుపాను మన తీరమును కొట్టినప్పుడు చనిపోయినవారు వేయికి లోపుననే. గాలి అదే. మనుష్యుల జాగ్రత్త వేరు.

మరుసటి నెల మేము ఆ పల్లెకు మరల వెళ్లి, పైన వ్రాసిన జవాబులను వారిరువురికి చెప్పితిమి. ఆ తల్లి చాలసేపు ఊరకుండి, “ప్రార్థనలో మా పిల్ల పేరు పలకండి అయ్యగారూ, ఎవరూ పలకడం లేదు” అని మాత్రము అడిగెను. పలికితిమి. ఆ పడుచువాడు బయట నిలిచి విని, మరునాడు గుడి గోడమీద పెద్ద అక్షరములతో ఇట్లు వ్రాసెను: పాము కరచిన కోయవద్దు, నోటితో పీల్చవద్దు, గట్టిగా కట్టవద్దు; కరచిన చెయ్యి కాలు కదపకుండ పట్టి, 108కి ఫోను చేసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. అతనిని గద్దించిన సంఘపెద్దయే సున్నపుబకెట్టు పట్టుకొనెను.

కుటుంబ కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ పొలములో లేక ఇంటిలో “ఇది ఎందుకొరకు?” అని అడిగి నేర్చుకొన్న ఒక సంగతి చెప్పుడి.
2. “ఎట్లు” అను ప్రశ్నకును “ఎందుకొరకు” అను ప్రశ్నకును గల భేదమును మీ పిల్లలకు ఏ ఉదాహరణతో చెప్పుదురు?
3. యోబు స్నేహితులు చేసిన తప్పును మనము దుఃఖించు ఇండ్లలో ఏయే మాటలచేత చేయుచున్నాము?
4. మీ గ్రామములో పాముకాటు మందు దొరకు దగ్గర ఆసుపత్రి ఏది? రాత్రివేళ అక్కడికి చేర్చు బాధ్యత సంఘములో ఎవరు తీసికొందురు?

ప్రార్థన

సృష్టికర్తవైన తండ్రీ, గిజిగానికి గూటిని, మేడికి దాని పురుగును, రైతునకు వివేకమును ఇచ్చితివి. నీ పనులన్నిటిని మేము గ్రహింపలేము. చదువుకొను మా బిడ్డలకు సత్యమునందు ధైర్యమిమ్ము. బిడ్డలను పోగొట్టుకొన్నవారియొద్ద మా నోటిని కాచి, మా చేతులను పనికి పంపుము. మూలుగుచున్న సృష్టిని నీ కుమారునియందు నూతనపరచు దినముకొరకు కనిపెట్టు ఓర్పును మాకు దయచేయుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.